ఎర్ర లిస్టులో శెట్టి ముఖం

"మళ్ళా ఒకసారి చెప్పు. మంగళవారం పొద్దున పదిన్నరకు యాడుండావ్?"

"ఆళ్లగడ్డలో."

"ఒంటిగంటకు?"

"ఆళ్లగడ్డలోనే. ఎన్నిసార్లు చెప్పల్ల?"

"మరి ఈడ నిలబడిందెవరు? మీ నాయనా?"

కమలాక్షమ్మ ఫోను తీసుకెళ్ళి మొగుడి ముక్కుకు ఆనించినంత పని చేసింది. తెర మీద ఎర్ర గీతల మధ్య లక్ష్మీనారాయణ ముఖం. కనుబొమల నుంచి గడ్డం దాకా కత్తిరించి పెట్టిన ముఖం. కింద రాత: "అనుమానితుడు. బంగారం వీధి, మంగళవారం, 10.38 నుంచి 1.52 వరకు. అంగళ్ళలోకి రానివ్వొద్దు. పని చెప్పొద్దు."

ప్రతి శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి వాళ్ళ వర్తకుల గ్రూపులో ఎర్ర లిస్టు పడుతుంది. ఆ వారం కెమెరాలు పట్టిన ముఖాలన్నీ అందులో ఉంటాయి. కొనకుండా, అమ్మకుండా నలభై నిముషాలకు మించి ఒకచోట నిలబడినవాడు ఎవడైనా సరే, వాడి ముఖం చుట్టూ ఎర్ర గీత. గ్రూపులో ఉన్నది రెండువందల పదిమంది. ఈ పొద్దు వాళ్ళంతా బ్రష్షు నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయి ఉంటారు. ఎందుకంటే నంద్యాల వీధుల్లోకి ఆ కెమెరాలు తెచ్చిందే లక్ష్మీనారాయణ. సంఘం కార్యదర్శి లక్ష్మీనారాయణ. ఉగాది నాడు రిబ్బను కత్తిరించి, మైకు పట్టుకుని, "తప్పు చేయనోడు కెమెరాకు యాల భయపడల్ల?" అని చప్పట్లు కొట్టించుకున్న లక్ష్మీనారాయణ.

ఇప్పుడు ఆయన ముందు ఉగ్గాని చల్లారిపోతోంది. బజ్జీ ఒక్కటి కూడా కొరకలేదు.

"మంగళవారం ఆ వీధికి సెలవు. అన్నీ మూసుంటాయి. మూసిన బంగారం అంగడి ముందర మూడు గంటల పధ్నాలుగు నిముషాలు నిలబడి ఏం చూస్తాండావ్? తాళంకప్పనా?"

"కమలా, నా మాట..."

"కూసోలేదంట. నీళ్ళు తాగలేదంట. ఇంట్లో ఐదు నిముషాలు నిలబడి ఎర్రగడ్డలు తరగమంటే మోకాళ్ళు పట్టేస్తాయ్ నీకు! ఎవరి కోసం నిలబడినావ్ అంతసేపు?"

వంటింట్లో కోడలు వినీత చట్నీ గిన్నె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొద్దున కోర్టుకు పోయే వకీలు ఇలా నవ్వకూడదని ఆమెకు తెలుసు. అయినా భుజాలు ఆగడం లేదు.

"నగితే నగుతాండావ్ గానీ, నువ్వొచ్చి చూడు ఇది" అని కమలాక్షమ్మ పిలిచింది.

వినీత వచ్చి ఫొటోలన్నీ వరసగా జరిపి చూసింది. "అత్తా, వంద ఫొటోలుండాయి. ఒక్కదాంట్లో గూడా మామ కన్నార్పలేదు."

"ఏం చూసి అంత మైమరిచినాడో మరి!"

"నేను ఆడ లేనంటాండా గదా!" లక్ష్మీనారాయణ పళ్ళెం తోసేశాడు. "మిషన్ తప్పు చెప్తాండాది. అంతే."

ఆ మాట నోటి నుంచి వచ్చాక ఆయనే ఉలిక్కిపడ్డాడు.

వినీత నవ్వు కూడా పోయింది. ముగ్గురికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు. శాంతయ్య. ఇరవై రెండేళ్ళుగా ఆ వీధిలో తోపుడు బండితో బరువులు దించే హమాలీ. లారీ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి పొద్దంతా నిలబడడమే అతని పని. నిలబడ్డాడని కెమెరా పట్టింది. లిస్టులో ముఖం పడింది. ఈ రోజుకు పధ్నాలుగు రోజులు, ఒక్క అంగడివాడు కూడా అతణ్ణి పిలవలేదు.

"మామా" అంది వినీత, మెల్లగా. "శాంతయ్య ఇదే గడపలో నిలబడి, 'నేను బరువు కోసం నిలబడినా శెట్టీ' అన్నెప్పుడు నువ్వేమన్నావ్?"

లక్ష్మీనారాయణ గోడ వైపు చూశాడు.

"మిషన్ అబద్ధం చెప్పదు శాంతయ్యా, అన్నావ్" అని కమలాక్షమ్మే పూర్తి చేసింది. "నేను నీ కాళ్ళా వేళ్ళా పడినా. వాన్ని తీసెయ్, మనింటి మనిషి మాదిరి అంటే, 'పెట్టింది మిషన్, నేను గాదు' అన్నావ్."

అంతలో లక్ష్మీనారాయణ ఫోను మోగింది. సంఘం అధ్యక్షుడు విశ్వేశ్వరయ్య. ఏ బంగారం అంగడి ముందు లక్ష్మీనారాయణ నిలబడ్డాడని మిషన్ చెబుతోందో, ఆ అంగడి ఆయనదే.

"లక్ష్మీనారాయణా, ఏందప్పా ఇది! నీకు మా అంగడితో ఏమన్నా పనుంటే అడిగితే సరిపాయె గదా. సరేలే, సాయంత్రం ఐదింటికి మీటింగు. దానికి ముందే నీ ముఖం తీసేస్తా. ఎవరికీ చెప్పొద్దు. గమ్మునుండు."

లక్ష్మీనారాయణ ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. అది చూసిన కమలాక్షమ్మ ఫోను లాక్కుంది.

"విశ్వేశ్వరయ్యా, తీయొద్దు."

"వదినా?"

"మీ మిషన్ మాట నిజమో, మా ఆయన మాట నిజమో నేను తేల్చుకోవల్ల. సాయంత్రం దాకా ఆ ముఖం ఆడనే ఉండనీ." ఫోను పెట్టేసి మొగుడి వైపు తిరిగింది. "లెయ్. చొక్కా ఏసుకో. ఆళ్లగడ్డకు పోతాం."

"ఇప్పుడా?"

"బేగా లెయ్!"

*

ఆళ్లగడ్డలో బస్సు దిగగానే రాతి పొడి వాసన. రోడ్డు పక్కన పాకల్లో కోత మిషన్లు కీచుమంటున్నాయి. ఒకచోట కాళ్ళు లేని దేవుడు, ఒకచోట దేవుడు లేని కాళ్ళు. కమలాక్షమ్మ వాటి మధ్య నుంచి చీర కుచ్చిళ్ళు పట్టుకుని, కోర్టులోకి నడిచినట్టు నడిచింది. వెనక లక్ష్మీనారాయణ, గొడుగు పట్టుకున్న ముద్దాయిలాగా.

శిల్పి క్రాంతి కుమార్ ఉలి దించి లేచాడు. వెలుగోడు దగ్గర వాళ్ళ సొంతూరి బడికి పెట్టడానికి, లక్ష్మీనారాయణ తండ్రి ఆదినారాయణ విగ్రహం చేసింది ఇతనే. నడుము దాకా ఉండే విగ్రహం. మంగళవారం పొద్దున ఇక్కడి నుంచే ట్రాలీ ఆటోలో పంపించారు. అది చూసుకోవడానికే లక్ష్మీనారాయణ ఆ రోజు ఇంటి నుంచి బయల్దేరింది.

"మంగళవారం మా ఆయన నిజంగా ఈడికి వచ్చినాడా?" ఆమె కుశలం కూడా అడగలేదు.

"వచ్చినాడా ఏందమ్మా! పొద్దున తొమ్మిదికి వచ్చి సాయంత్రం నాలుగు దాకా నా పానం తీసినాడు. విగ్రహాన్ని బండెక్కించి పంపించినాక గూడా పోలా. పీఠం రాయి బాగలేదని మూడు రాళ్ళు మార్పిచ్చినాడు. మధ్యాన్నం నా సద్దిలో సగం ఆయనే తినె."

లక్ష్మీనారాయణ గొడుగు మూసి ఛాతీ విరుచుకున్నాడు. "విన్నావా?"

వినింది. సగం గుండె కుదుట పడింది. మిగతా సగం ఇంకా మండుతూనే ఉంది. "అట్లయితే ఆడ నిలబడిందెవరు?" అంటూ పక్కకు తిరిగింది.

తిరిగి, అక్కడే ఆగిపోయింది.

పాక మూల బల్ల మీద లక్ష్మీనారాయణ తల ఉంది. ఒక్క తల. జన్మలో ఆయన చుట్టుకోని తలపాగా చుట్టుకుని, గులాబి బుగ్గలతో, నిగనిగలాడే కళ్ళతో ఆమెనే చూస్తోంది.

"ఇదేంది!"

"ప్లాస్టర్ తల అమ్మా. రంగులు కుదిరినాయా లేదా అని దీని మీద వేసి చూసుకున్నా. విగ్రహం గూడా అచ్చు ఇట్లే. రాతికి రంగేస్తే నాకు కడుపులో తిప్పుతాది. వద్దు శెట్టీ, నల్లరాయి నల్లగుంటేనే అందమంటే ఇన్లా."

"మా మామ విగ్రహానికి ఈయన ముఖం యాల పెట్టినావప్పా?"

క్రాంతి కుమార్ నెత్తి గోక్కున్నాడు. "పెద్దాయన ఫొటో ఒక్కటే ఇచ్చినారు. అదీ పెండ్లి గుంపులో, ముఖం శనక్కాయ విత్తనమంత. అట్లాంటప్పుడు మేము కొడుకునో తమ్మున్నో ఎదురుగా కూసోబెట్టుకోని చేస్తాం. తర్వాత ఊర్లో ముసలోళ్ళను నలుగుర్ని పిలిపిచ్చి, 'ముక్కు ఇట్ల గాదు, చెవి అట్ల గాదు' అని వాళ్ళు చెప్తే దిద్దుకుంటాం. మీ శెట్టి ముసలోళ్ళను తోడకరాలా. 'మా నాయన అచ్చం నా మాదిరే ఉంటాడు, కానియ్' అన్నాడు. ఎనిమిది రోజులు కూసున్నాడు."

లక్ష్మీనారాయణ గొడుగు మళ్ళీ తెరిచి, దాని చాటుకు పోయాడు.

కమలాక్షమ్మ బుర్రలో ఒకదాని వెనక ఒకటి తలుపులు తెరుచుకుంటున్నాయి. "ఆ ట్రాలీ ఆటో దారిలో యాడన్నా ఆగిందా?"

"నంద్యాలలో టైరు పంచరైందంట. స్టెప్నీ గూడా ల్యా. ఏదో మూసిన వీధిలో నీడకు బండి పెట్టి, డ్రైవరు టైరు దొర్లించుకుంటా పోయినాడంట. మూడు గంటలు పట్టిందని మొన్న చెప్పినాడు. మీకు చెప్పొద్దన్నాడు, తిడతారని."

"దేవుడా" అంది కమలాక్షమ్మ. ఆ వెంటనే మళ్ళీ గొంతు లేచింది. "ముఖానికి గుడ్డన్నా కప్పి పంపియ్యవా? అంత రంగులేసిన ముఖాన్ని ఊర్లో అట్ల తిప్పుతారా ఎవరన్నా?"

క్రాంతి కుమార్ చేతులకంటిన రాతి పొడి దులుపుకున్నాడు. లక్ష్మీనారాయణ గొడుగు చాటు నుంచి తొంగి చూశాడు.

"కప్పినా అమ్మా. గోనెపట్టా చుట్టి తాడు గూడా కట్టినా. ముందురోజు రాత్రి, ఎట్ల పంపిస్తాండావని నువ్వే గదా ఫోన్ చేసింది. 'శవానికి కప్పినట్టు మా మామ ముఖానికి గుడ్డ కప్పుతావా? తియ్ ముందు! గాలి తగిలేటట్టు పోనీ ఆయన్ని' అని నన్ను ఎన్ని మాటలన్నావ్!"

కమలాక్షమ్మ పక్కన సగం చెక్కిన నంది ఉంటే దాని వీపు మీద కూలబడింది. మొదట ఆమె ఏడుస్తోందేమో అనుకున్నారు ఇద్దరూ. కాదు. పొట్ట పట్టుకుని నవ్వుతోంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నీ నాయనా అంటి గదా... పొద్దున్నే అంటి గదా నేను... ఈడ నిలబడింది మీ నాయనా అని!"

లక్ష్మీనారాయణ కోపం తెచ్చుకోవాలని చూశాడు. రాలేదు. బల్ల మీది తల వైపు చూశాడు. అది కన్నార్పకుండా ఆయన్ని చూసింది. ఆయనకూ నవ్వొచ్చింది. గొడుగు జారి కింద పడింది.

"ఇచ్చెయ్ ఆ తల" అంది కమలాక్షమ్మ లేస్తూ. "సాయంత్రం మీటింగుకు మా వాళ్ళింకొకరు రావల్ల."

*

తిరుగు బస్సులో కిటికీ పక్కన కమలాక్షమ్మ, ఇటు పక్క లక్ష్మీనారాయణ, ఆయన ఒళ్ళో ఆయన తల. కండక్టరు ఆమె ఆధార్ చూసి సున్నా టికెట్టు కొట్టిచ్చాడు. తర్వాత లక్ష్మీనారాయణను చూశాడు. తలను చూశాడు. మళ్ళీ లక్ష్మీనారాయణను చూశాడు.

"టికెట్టు ఒకటా, రెండా అన్నా?"

బస్సంతా ఘొల్లుమంది. వెనక సీటు ముసలమ్మ ముందుకు వంగి, "సల్లగుండు నాయనా" అని ప్లాస్టర్ బుగ్గ నిమిరింది. రంగు వేలికి అంటుకుందేమోనని చూసుకుంది.

నవ్వులు సద్దుమణిగాక లక్ష్మీనారాయణ అన్నాడు. "ఇంగ భయం లేదు. విశ్వేశ్వరయ్యకు ఈ తల చూపిస్తా, నా ముఖం తీసేస్తాడు. అయిపాయె."

"శాంతయ్యది?"

"దాన్ని తర్వాత చూద్దాం లేవే."

"తర్వాతంటే ఎప్పుడు?"

"కమలా, కెమెరాలు తెచ్చింది నేను. ఇప్పుడు నేనే లేచి మిషన్ తప్పంటే నా ముఖమేం గావాల? ముందర నాది గమ్మున తీయించుకుంటా. నెలో రెణ్ణెల్లో పోయినాక మెల్లగా వాన్ది..."

"రెండు నెలలు వాని ఇంట్లో పొయ్యి మెల్లగా మండుతాదా?"

ఆయన ప్లాస్టర్ తలపాగా మీది దుమ్ము తుడిచాడు.

ఆమె గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గిస్తే లక్ష్మీనారాయణకు అరుపుకన్నా భయం. "ఒకడు కూలి కోసం నిలబడినోడు. ఇంకొకడు రాయి గాబట్టి నిలబడినోడు. మిషన్‌కు ఇద్దరూ ఒకటే. దానికి తెలీదు పాపం. నీకు గూడా ఒకటేనా?"

శిరివెళ్ళ దాటింది. పొలాలు వెనక్కి పోతున్నాయి. లక్ష్మీనారాయణ ఒళ్ళో తలను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"నా చెవులు ఇంత పెద్దయా?" అన్నాడు చివరికి.

"ఇనేదానికి పనికిరావు గానీ, చూసేదానికి పెద్దవే."

ఆయన ఇక నంద్యాల వచ్చేదాకా నోరెత్తలేదు. ఆమె కూడా ఎత్తించలేదు. ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆ మౌనం ఎక్కడ తేలుతుందో ఆమెకు తెలుసు. మొగుడు ఆలోచిస్తున్నప్పుడు కదిలించకూడదు. ఆ పని ఆయనకు అరుదు.

*

సంఘం గది మేడ మీద. ఐదింటికి ఇరవైమంది అంగళ్ళవాళ్ళు చేరారు. గోడకు పెద్ద తెర. మెట్ల దగ్గర కెమెరా, ఎవరు ఎక్కి వచ్చినా తెర మీద ముఖం, పేరు. లక్ష్మీనారాయణ ఎక్కి రాగానే తెర ఎర్రబడి కీమని అరిచింది. అందరూ చేతుల్లోకి చూసుకున్నారు. ఒకడు దగ్గాడు.

"కూసో అప్పా, కూసో" అని విశ్వేశ్వరయ్య కంగారు పడ్డాడు. "దాన్ని తీసేస్తాంలే..."

"రొంత ఆగు" అంది కమలాక్షమ్మ. సంచిలోంచి తల బయటికి తీసింది. మెట్ల దగ్గరికి పోయి, కెమెరాకు ఎదురుగా రెండు చేతుల్లో పట్టుకుని పైకెత్తింది.

కీమంది. తెర మీద అక్షరాలు: "లక్ష్మీనారాయణ. తొంభై మూడు శాతం. ఎర్ర లిస్టు."

ఇటు కుర్చీలో లక్ష్మీనారాయణ. అటు మెట్ల మీద లక్ష్మీనారాయణ. అందరి మెడలూ ఇటూ అటూ తిరిగాయి. కోర్టు నుంచి నేరుగా వచ్చిన వినీత లేచి, "అయ్యా, మంగళవారం బంగారం వీధిలో మూడు గంటలు నిలబడిన దొంగ ఈయనే. మా మామ వాళ్ళ నాయన. పోయి పన్నెండేళ్ళాయె" అంది. పంచరు కథ, గోనెపట్టా కథ చెప్పేసరికి గది నవ్వుతో పగిలిపోయింది. తాళాల అంగడాయన కుర్చీ మీంచి జారిపోయాడు. విశ్వేశ్వరయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఒప్పుకుంటాండా" అన్నాడు ఆయన, ఎక్కిళ్ళ మధ్య. "లక్ష్మీనారాయణది పొరపాటు. ఇప్పుడే తీసేస్తా."

"తీయొద్దు."

అన్నది కమలాక్షమ్మ కాదు. లక్ష్మీనారాయణ. ఆయన లేచి నిలబడ్డాడు. మైకు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

"మిషన్ తెచ్చింది నేను. తప్పు చేయనోనికి భయమేందని అడిగింది నేనే. పొద్దున్నుంచి నేను భయపడినా. ఏ తప్పూ చేయకుండా భయపడినా. శాంతయ్య పధ్నాలుగు రోజులు భయపడినాడు. వానికి చూపించేదానికి ప్లాస్టర్ తల గూడా ల్యా. వాని ముఖం తీసినాకనే నాది తీయండి. అంతదాకా ఉండనీ."

కూర్చున్నాడు. కమలాక్షమ్మ మొగుణ్ణి చూసింది. మెడలో తాళి కట్టిన నాడు కూడా ఆమెకు ఇంత ముద్దు రాలేదు.

విశ్వేశ్వరయ్య నవ్వు ఆగిపోయింది. "మీరంతా నగుతాండారు గానీ, పోయిన సంవత్సరం నా అంగడి షట్టర్ కోసినారు. అప్పుడెవ్వరూ నగలా. మూడు నెలలు నాకు కూడు సయించలా. కెమెరాలు తీసేయమంటారా ఇప్పుడు?"

ఆ భయం అబద్ధం కాదని కమలాక్షమ్మకు తెలుసు. అప్పుడు ఆయనింటికి కూర వండి పంపింది ఆమే.

"నీ అంగట్లో నీ ఇష్టం విశ్వేశ్వరయ్యా. పది పెట్టుకో. దొంగోన్ని పట్టుకోవద్దని ఎవరన్నారు? వీధి నీది గాదు. వీధిలో పొయ్యే నా ముఖం నీది గాదు. నన్నడక్కుండా దాన్ని పట్టి, దాచి, ఎర్ర గీత గీసి రెండువందల మందికి పంచేదానికి నువ్వెవరు? నేనెవరు?"

వినీత మడిచిన కాగితం విప్పింది. "కోర్టు మాటలొద్దు, మామూలుగా చెప్తా. ఎవర్నన్నా లిస్టులో పెట్టే ముందు ఆ మనిషిని పిలిచి చెప్పల్ల. వాడు చెప్పేది ఇనల్ల. దారిన పొయ్యేటోళ్ళ ముఖాలు ఆ పొద్దుకు ఆ పొద్దే చెరిపేయల్ల. ఇంగొకటి. ఎవరు లిస్టులోకి ఎక్కించినారో వాళ్ళ పేరు పక్కనే కనపడల్ల."

"ఎవరు ఎక్కించేదేందమ్మా? మిషనే ఎక్కిస్తాది గదా" అన్నాడు విశ్వేశ్వరయ్య.

"లేదు పెదనాయనా. మిషన్ గంట కొడతాది, అంతే. 'ఈ ముఖాన్ని చేర్చాలా' అని మీ అందరి అంగళ్ళ ఫోన్లకు అడుగుతాది. ఎవరో ఒకరు 'సరే' నొక్కితేనే ఎక్కేది. నొక్కినోళ్ళ పేర్లన్నీ లోపలుండాయి. యానాడూ ఎవరూ తెరిచి చూడలా."

ఇరవైమంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వినీత తెర దగ్గరికి పోయి రెండు మూడు చోట్ల నొక్కింది.

"లక్ష్మీనారాయణ. చేర్చినవారు, విశ్వేశ్వరయ్య. మంగళవారం ఒంటిగంటా యాభై ఐదు."

"నేనా!" విశ్వేశ్వరయ్య లేచి నిలబడ్డాడు. "ఆ టయానికి నేను మా మేనమామ మనవరాలి పుట్టినరోజు భోజనాల్లో, పంక్తిలో కూసోనుండా! కుడి చెయ్యి పప్పన్నంలో ఉండాది. ఫోను మోగి సావదు. ఎడమ చేత్తో ఏదో..."

ఆగిపోయాడు. కానీ ఆలస్యమైపోయింది.

"ఎడమ చేత్తో!" కమలాక్షమ్మ తొడ చరిచింది. "ముప్పై ఏండ్ల స్నేహితున్ని, పప్పన్నం తింటా, ఎడమ చేత్తో దొంగను చేసినావ్! చూడను గూడా చూడలా?"

మళ్ళీ గది ఊగిపోయింది. విశ్వేశ్వరయ్య తలకాయ పట్టుకుని తనే నవ్వాడు. వినీత చెప్పినవన్నీ రాసుకుందాం, చేతులెత్తండి అన్నాడు. చేతులు లేచాయి. పదిహేడు. లేవని ముగ్గురూ పక్కవాళ్ళను చూసి సగం సగం ఎత్తారు.

అప్పుడు మెట్ల దగ్గర కీమంది. తెర ఎర్రబడింది. శాంతయ్య.

వినీతే కబురు పంపింది. అతను ఆఖరి మెట్టు మీద ఆగిపోయాడు. ఆ అరుపు తన కోసమేనని తెలిసి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రా శాంతయ్యా, లోపలికి రా!" కమలాక్షమ్మ సంబరంగా ఎదురు వెళ్ళింది. "నీ ముఖం తీసేస్తాండారు. రేపట్నుంచి బండి తీసుకోనిరా. వినీతా, ముందర వీన్ని ఎక్కించిన మొనగాడెవరో చదువు. ఈ పొద్దు వాన్ని వదిలేదే ల్యా!"

వినీత నొక్కింది. చూసింది. చదవలేదు.

"చదవ్వేమే?"

"అత్తా, అది తర్వాత..."

"తర్వాతేంది? మీ మామ మాదిరి మాట్లాడతాండావ్." కమలాక్షమ్మ కోడల్ని పక్కకు జరిపి, కళ్ళద్దాలు సర్దుకుని తనే చదివింది. గట్టిగా, గదంతా వినేటట్టు. "శాంతయ్య. చేర్చినవారు..."

అక్కడ ఆగింది.

తమ రాగి ఇత్తడి సామాన్ల అంగడి పేరు. గల్లా పెట్టె మీద ఉండే ఫోను. సోమవారం, పన్నెండు పదహారు.

సోమవారం మధ్యాహ్నాలు లక్ష్మీనారాయణ బ్యాంకుకు పోతాడు. గల్లా మీద కూర్చునేది ఎవరో ఆ గదిలో అందరికీ తెలుసు.

ఆమెకు గుర్తొచ్చింది. ఫోను అదే పనిగా మోగడం. ఏదో చీరల డిస్కౌంటు ప్రకటన అనుకోవడం. నోరు మూయించడానికి వేలితో ఒక పొడుపు పొడవడం. వేలు తడిగా ఉండడం.

"నేనే" అంది. ఆ గదిలో ఆమె గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినపడలేదు. "శాంతయ్యా, నొక్కింది నేనే."

ఎవరూ నవ్వలేదు.

శాంతయ్య చాలాసేపు తెర వైపు చూశాడు. "సోమవారం పన్నెండుంబావు" అన్నాడు నిదానంగా, దారి గుర్తు చేసుకుంటున్నవాడిలాగా. "ఆ పొద్దు లారీ రాలా. నిలబడి నిలబడి గొంతెండకపోతే మీ గడప కాడికొచ్చి కూసున్నా. నువ్వు చెంబుడు మజ్జిగ పోసిస్తివి. ఉప్పు సరిపాయెనా అని గూడా అడిగితివి. నేను తాగతా ఉంటే లోపల ఫోను మోగె. నువ్వు పోయి, నిలిపేసి, మళ్ళా వచ్చి ఇంగో చెంబు పోసిస్తివి."

తలగుడ్డ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"నా మీద నీకు కోపం ల్యా, నాకు తెలుసు. ఒక్కటి చెప్పమ్మా. ఫోన్లో నా ముఖం చూసి నొక్కినావా, చూడకుండా నొక్కినావా?"

కమలాక్షమ్మ నోరు తెరిచింది. పొద్దున్నుంచి మొగుణ్ణి, శిల్పిని, అధ్యక్షుణ్ణి నిలేసి అడిగిన మనిషి. రెండు జవాబుల్లో ఏది చిన్న తప్పో వెతుక్కుంటూ అతని ముఖంలోకి చూసింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, నిజంగా చూసింది.